సంబంధం లేని మనిషి

"మీరిద్దరూ అక్కాచెల్లెళ్లా మేడం?"

ఫ్యామిలీ కోర్టు గుమ్మం దగ్గర అటెండరు అడిగిన ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండింది.

ఆమె లా విద్యార్థిని. కూతురు కాలేజీలో చేరిన ఏడాదే తనూ లా కాలేజీలో చేరింది. క్లాసులో పిల్లలు ఆంటీ అంటారు. ప్రిన్సిపాల్ గదికి వెళ్తే "పేరెంట్సు బయట కూర్చోండి" అంటారు. నల్లకోటు వేసుకుని ట్రైనింగుకు కోర్టుకొస్తే ఇక్కడా ఇదే వరస.

"ఏ ఇద్దరం?" అంది.

అటెండరు హాల్లో వెనక బెంచీ వైపు చూపించాడు.

అక్కడ రోజూ ఒకావిడ కూర్చుంటుంది. ఇంచుమించు ఈమె వయసే. ఒళ్లో గుడ్డసంచీ. ఏ కేసు పిలిచినా లేవదు. ప్రతి కేసూ మాత్రం కళ్లప్పగించి వింటుంది. పక్కవాళ్లతో గుసగుసలాడుతుంది. ట్రైనింగుకొచ్చిన కుర్రాళ్లు ఆవిడకు 'టీవీ పిన్ని' అని పేరు పెట్టారు.

"నాకూ ఆవిడకూ ఏ సంబంధమూ లేదు." ఆవిడకు వినపడేలాగే అంది లా విద్యార్థిని.

ఆవిడ అదేమీ మనసులో పెట్టుకోలేదు. మధ్యాహ్నం వరండాలో ఎదురుపడి నవ్వింది.

"నిన్న సీరియల్ చూశారా? ఆ లాయరమ్మ భలే వాదించింది కదూ!"

"నేను సీరియల్స్ చూడనండీ."

పచ్చి అబద్ధం. ఆ కోర్టు సీరియల్ ఆమె ఒక్కరోజు కూడా వదలదు. సాయంత్రం సోఫాలో కూతురి పక్కన చేరి, "అలా బల్ల గుద్దితే ఏ కోర్టులో ఊరుకుంటారే?" అని తిడుతూనే చివరిదాకా చూస్తుంది.

"తిట్టడానికైతే చూడ్డం దేనికమ్మా?" అంటుంది కూతురు.

"ఇదీ చదువులో భాగమే."

ఆ తర్వాత ఒకరోజు కోర్టు హాలు కిక్కిరిసిపోయింది. జడ్జిగారు ఇంకా రాలేదు. టీవీ పిన్ని ఒక బక్కపలచటి అమ్మాయి పక్కన కూర్చుని చెవిలో ఏదో చెబుతోంది. ఆ అమ్మాయిది విడాకుల కేసు. పిల్లాడు ఎవరి దగ్గర పెరగాలన్నదే తగాదా.

"ఆంటీ, మీ చెల్లెలు ఇవాళ్టి ఎపిసోడ్ మొదలెట్టేసింది" అన్నాడు క్లాసు కుర్రాడొకడు.

మిగతావాళ్లు గొల్లుమన్నారు.

ఆమె విసురుగా లేచి అటెండరు దగ్గరకు వెళ్లింది.

"ఇవి కుటుంబాల కేసులు. సంబంధం లేనివాళ్లను హాల్లో ఉంచకూడదని మీకు తెలీదా?"

"తెలుసు మేడం. కానీ ఆవిడ..."

"ఆవిడకు కేసుందా?"

"లేదు."

"మరి? జడ్జిగారికి చెప్పమంటారా?"

అటెండరు తల దించుకుని వెనక బెంచీ దగ్గరకు వెళ్లాడు. మెల్లగా ఏదో చెప్పాడు. ఆవిడ సంచీ తీసుకుని లేచింది. ఆ అమ్మాయి చప్పున ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఒక్కో వేలూ విడిపించుకుని, బుగ్గ నిమిరి, బయటకు నడిచింది.

అమ్మాయి కేసు ఆరోజు వాయిదా పడింది.

జరిగింది ఇంట్లో గొప్పగా చెప్పుకుంది లా విద్యార్థిని.

"పాపం, కూర్చుంటే నీ సొమ్మేం పోయిందమ్మా?" అంది కూతురు.

"రూలు రూలే."

అనడమైతే అంది గానీ, ఆ సాయంత్రం సీరియల్లో ఎవరేం మాట్లాడారో ఆమె బుర్రకెక్కలేదు.

మళ్లీ వాయిదా రోజు ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. భర్త వైపు మాత్రం తల్లీ తండ్రీ, అన్నలూ వదినలూ ముందు బెంచీ నిండా ఉన్నారు. అమ్మాయి లాయరు కాగితాలు తిరగేస్తూ మధ్యమధ్య గడియారం చూసుకుంటున్నాడు.

"బాబు తండ్రి దగ్గర ఉండటం మీకు సమ్మతమేనా అమ్మా? ఎవరి బలవంతమూ లేదు కదా?" జడ్జిగారు మెత్తగానే అడిగారు.

అమ్మాయి పెదవులు కదిలాయి. మాట పెగల్లేదు. వెనక బెంచీ వైపు తిరిగి చూసింది. అక్కడ ఎవరూ లేరు.

సీరియల్లో అయితే ఈ ఘట్టంలో తలుపు తోసుకుని ఎవరో ఒకరు వస్తారు. లా విద్యార్థిని తనకు తెలియకుండానే తలుపు వైపు చూసింది.

ఎవరూ రాలేదు.

"సరేనండి" అంది అమ్మాయి.

జడ్జిగారు రాసుకున్నారు. తర్వాతి కేసు పిలిచారు.

వరండాలో అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడింది. లా విద్యార్థిని ఉండబట్టలేక మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"బిడ్డ కావాలని చెప్పొచ్చు కదమ్మా?"

"చెప్దామనే వచ్చానండీ. పిన్ని ఉండుంటే చెప్పేదాన్నే."

"ఆవిడ... నీ సొంత పిన్నా?"

"కాదండీ. పేరు కూడా తెలీదు. పరువు పోతుందని మా పుట్టింటివాళ్లెవరూ రాలేదు. మొదటి రోజు ఆ బెంచీ మీద వణికిపోతుంటే ఆవిడే వచ్చి పక్కన కూర్చుంది. 'నీ వెనకాలే ఉంటాను, భయమేస్తే నా వైపు చూడు' అంది. నాకొక్కదానికే కాదు, ఇక్కడికి ఒంటరిగా వచ్చినవాళ్లందరికీ ఆవిడే మనిషి."

లా విద్యార్థిని ఇక ఆగలేదు. అటెండరు దగ్గరకు దాదాపు పరుగెత్తింది.

"ఇదంతా నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను మేడం, మీరు వింటేగా! ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను. మీరు రూలు ఎత్తాక నేనేం చెయ్యను?"

"ఆవిడ ఇల్లెక్కడ? నేనే వెళ్తాను. కాళ్లు పట్టుకునైనా తీసుకొస్తాను."

"కేసు లేని మనిషి అడ్రసు ఎవరు రాసుకుంటారు మేడం?"



"అసలు ఆవిడకెందుకు ఇంత తాపత్రయం?" అని అడిగింది చివరికి, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు.

అటెండరు గొంతు తగ్గించాడు.

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, తన తరఫున ఒక్క మనిషీ లేక, ఇదే హాల్లో 'సరేనండి' అనేసి కన్నకొడుకును వదులుకుని వెళ్లింది ఆవిడే మేడం."