ఉన్నది ఉన్నట్టు

"ఇది పెద్దగ చేస్తే పగుల్తది సార్," అన్నాడు ఫోటో ల్యాబ్ రాంచందర్.

"నీ మిషన్ పగిలిందేమో చూస్కో," అన్నాడు జోయెల్. వరంగల్ చౌరస్తాలో ఇంతకంటే మంచి ల్యాబ్ లేదని తెలిసే వచ్చాడు. అయినా ఎదుటివాణ్ని ఒక మాట అననిదే అతనికి పని మొదలైనట్టుండదు.

రాంచందర్ మానిటర్ అతని వైపు తిప్పాడు. మంచంలో ముసలి తండ్రి దేవదానం నోరు తెరిచి ఉన్నాడు. పక్కన కూర్చుని కొడుకు జోయెల్ చెంచాతో గంజి తాగిస్తున్నాడు. ఫోన్‌లో ముచ్చటగా ఉండే ఫోటో, ఆరడుగులకు సాగదీసేసరికి గళ్లు గళ్లుగా విడిపోయింది. ముఖాలకు ముక్కులు లేవు. గిన్నె, చెంచా కలిసిపోయి ఒకటే తెల్లటి మరక.

"వాట్సాప్‌ల వచ్చిన ఫోటో గద సార్. అది కుదించి పంపుతది."

"నున్నగ చేసే సాఫ్ట్‌వేర్ ఉంటదట గద?"

"ఉంటది. గని లేనిది కల్పించి పెడ్తది. మీ నాయిన మొఖం మీ నాయిన లెక్కనే ఉంటదని నేను చెప్పలేను."

"కల్పించుడొద్దు. ఉన్నది ఉన్నట్టు రావాలె. చర్చిల ఆఖరి వరుసల కూసున్నోళ్లకు గూడ కనవడాలె."

"అయితే తీసిన కెమెరాల ఉన్న అసలు ఫైలు తెండ్రి."

ఆదివారం దేవదానం జ్ఞాపకార్థ కూడిక. అది కాగానే చర్చికి కొత్త సంఘ పెద్దను ఎన్నుకుంటారు. ఆ కుర్చీ మీద జోయెల్ కన్ను ఇవాళ్టిది కాదు. తండ్రి బతికుండగానే ఆ ఫోటోను చర్చి గ్రూపులో పెట్టాడు. కొడుకంటే ఇట్లుండాలని పాస్టరు అయ్యగారు ప్రసంగంలో కూడా చెప్పారు. దాన్నే ఇప్పుడు ఆరడుగులు చేసి నిలబెడితే, ఇక ఓట్లు అడగాల్సిన పని ఉండదు.

కెమెరా చెల్లెలు దివ్యది. బడిలో పిల్లల ఆటపాటలు తీయడానికి కొనుక్కుంది. జోయెల్ వెళ్లేసరికి ఆమె ఖాళీ మంచం మీద కూర్చుని తండ్రి తువ్వాళ్లు మడతపెడుతోంది.

"కెమెరా కార్డు ఇయ్యి. నేను నాయినకు తాగిపిచ్చే ఫోటో పెద్దగ చేపిస్తాన."

దివ్య చేతులు ఆగాయి. "అది ఒద్దన్నా. నాయిన ఒక్కడే ఉన్నది పెడ్దాం."

"ఎందుకు? అండ్ల నేనుంటే నీ కండ్లల్ల కారం పడ్డట్టుందా?"

"పోనీ, చిన్నగనన్న చేపియ్యి."

"చూడు దివ్యా, నువ్వు తినిపిచ్చినవ్, కడిగినవ్. కాదంటలేను. అయితే ఎవ్వలు చూసిండ్రు? ఇంట్ల ఉన్నదానివి, బడి అయినంక ఇంకేం పని నీకు? నేను దుకాణం బందు పెట్టి వచ్చిన."

దివ్య లేచి బీరువాలోంచి కార్డు తెచ్చింది. ఇవ్వబోయి చేయి వెనక్కి తీసుకుంది.

"ఒక్క మాటన్నా. ప్రింట్ కొట్టిచ్చే ముందు ఫోటో మొత్తం పెద్దగ చేసి చూస్కో. నీ మొఖమొక్కటే కాదు."

"నాకు పాఠం చెప్తానవా, టీచరమ్మా?" కార్డు లాక్కున్నాడు. ఓర్వలేనితనం, ఇంకేముంది అనుకున్నాడు బండి తీస్తూ. చాకిరీ చేసేవాళ్లకు పేరు తెచ్చుకోవడం రాదు, వచ్చినవాణ్ని చూస్తే కుళ్లు.

ల్యాబ్‌లో ఫైలు తెరుచుకుంది. రాంచందర్ ముఖం వెలిగింది. "ఇదీ ఫైలంటే! ఆరడుగులు కాదు, పదడుగులు చేసినా పగులదు. ఇగో, మొత్తం ఒక్కసారి చూసుకోండ్రి."

"ముందు నా మొఖం చూపియ్యి."

మీసంలో ప్రతి వెంట్రుకా విడివిడిగా కనిపించింది. కంటి కొసన మెరుస్తున్న తడి కూడా.

"చూసినవా, కన్నీళ్లు గూడ పడ్డయ్!"

"పడ్డయ్ సార్. ఇటుపక్క గూడ జర..."

"మొఖం మంచిగుంది గద? ఇగ కొట్టు. నీతోని ఇదే లొల్లి, పని తక్కువ, ముచ్చట ఎక్కువ."

ఆదివారం చర్చి నిండిపోయింది. అయ్యగారు ప్రార్థన చేసి తెల్ల గుడ్డ తొలగించారు. ఆరడుగుల ఫోటో ధగధగలాడింది. "అబ్బా, ఎంత మంచిగ వచ్చింది," అన్నారెవరో. దేవదానం ఎండిన పెదాలు, తెరిచిన నోరు, ఆత్రంగా ముందుకు చాచిన మెడ, అన్నీ కళ్లకు కట్టాయి.

జోయెల్ ఫోటో చూడలేదు. చూస్తున్నవాళ్లను చూశాడు.

మెల్లగా మాటలు ఆగిపోయాయి. ముందు వరుసలో ఆడవాళ్లు ఒకరి మోచేయి ఒకరు తాకించుకున్నారు. అయ్యగారు బైబిలు మూసి తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డారు. దివ్య కొంగుతో ముఖం కప్పుకుంది. అందరి గుండెలూ కరిగాయని జోయెల్‌కు అర్థమైంది. సంఘ పెద్దకు తగినట్టు వినయంగా తల వంచుకుని నిలబడ్డాడు.

ఆఖరి వరుసలోంచి మార్తమ్మ లేచింది. కళ్లకు పొరలు కమ్మి, పక్కనున్న మనిషినే పోల్చుకోలేని ముసలామె. ముందు బల్ల పట్టుకుని చాలాసేపు ఫోటో వైపే చూసింది.

"జోయెలూ, నా పాడు కండ్లకు గూడ కనవడ్తాంది బిడ్డా. గిన్నె కడిగి పెట్టినట్టే ఉన్నది, చెంచల గంజి బొట్టు లేదు... మరి మీ నాయిన దేనికి నోరు తెరిసిండురా?"