మీసంతో ఇంకో ఓటు

ఎన్నికల రోజు పొద్దున్నే గుబురు గడ్డంతో టియర్నన్ వచ్చి, షికాగోలోని నా మంగలి షాపులో కుర్చీ ఎక్కాడు.

"గడ్డం తీసెయ్ బాబాయ్, మీసం ఉంచు. గడ్డంతో ఒక ఓటు వేసొచ్చా. మీసంతో ఇంకోటి వెయ్యాలి."

"థూ! దొంగ ఓట్లు మాన్పిస్తామని సంస్కరణ పార్టీవాళ్లు వీధి వీధీ తిరిగి అరిచారు కదరా?"

"నన్ను పంపింది వాళ్లేగా!"

వాడి ముఖం మీది నురగ నా వేళ్లకు చీములా తగిలింది. ఎలాగో గీసి పంపేశాను. చేతులు రెండుసార్లు కడుక్కుని, షాపు మూసి, ఆ పార్టీని ఓడించడానికే ఓటు వేద్దామని పోలింగ్ కేంద్రానికి వెళ్లాను.

"నా పేరు రోడర్" అన్నాను.

గుమాస్తా జాబితా చూశాడు. "రోడర్ ఇందాకే వేసి వెళ్లాడే! మీసాలాయన. గడ్డం ఎవరు గీశారో గానీ, ముఖం అద్దంలా మెరిసిపోతోంది."