గేటు దాకా

"మోయలేనంటే ఇప్పుడే చెప్పండి. ఇందులో నామోషీ ఏం లేదు," అన్నాడు మేనేజరు.

పానా బాబాయ్ ఆఫీసు గుమ్మంలో ఉన్న అట్టపెట్టె వైపు చూశాడు. చుట్టూ టేపు బిగించి ఉంది.

"ఎంతుంటుంది సార్?"

"పాతిక కిలోలు. గేటు దగ్గర కాటా దాకా మధ్యలో దించకుండా తీసుకెళ్లండి. అక్కడ వాచ్‌మన్ రాసుకుంటాడు."

"అయితే రేపట్నుంచి పనిలోకి రావచ్చా?"

"ముందు ఇది కానివ్వండి."

బాబాయ్ ఇరవై ఆరేళ్లుగా ఆ ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేస్తున్నాడు. సొంత పానాలు ఇంకొకర్ని ముట్టుకోనివ్వడు కాబట్టి ఆ పేరొచ్చింది. మూడు నెలల కిందట మిషన్ మూత జారి భుజం మీద పడింది. ఆటలో కాలు విరగ్గొట్టుకొచ్చిన కుర్ర సూపర్‌వైజరుకేమో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పనిలో దెబ్బ తిన్న బాబాయ్‌కేమో పరీక్ష పెట్టారు, అది నెగ్గేదాకా షెడ్డులో అడుగు పెట్టొద్దన్నారు. యాభై ఎనిమిదేళ్ల ఎముకంటే అంత అలుసు. రిటైరయ్యే ఈ రెండేళ్లూ పని చేతిలో ఉంటే చాలు, ఆయనకి ఇంకే ఆశా లేదు.

నెల రోజులుగా ఇంట్లో నీళ్ల డబ్బా ఎత్తి దించుతూ సాధన చేశాడు. పొద్దున బయల్దేరేటప్పుడు భార్య అంది:

"ఫ్యాక్టరీ లాకర్లో ఆ కప్పు పిడి విరిగిందన్నారుగా, తెచ్చెయ్యండి. అతికించి పెడతాను."

"సామాన్లు ఇంటికి మోసుకొచ్చేది పని పోయినవాళ్లే! దాన్ని అక్కడే ఉండనీ," అని కసిరాడు. కసిరినందుకు దారి పొడుగునా బాధపడ్డాడు.

మోకాళ్లు వంచి పెట్టె ఎత్తాడు. లోపల ఇనుము కదిలింది. స్టోరులోని పాత బోల్టులేవో పోసుంటారనుకున్నాడు. భుజం భగ్గుమంది. పళ్లు బిగబట్టి నడిచాడు.

షెడ్డు తలుపులు తెరిచే ఉన్నాయి. 'ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు!' అని ఒక్కడైనా అరుస్తాడేమోనని చూశాడు. ఎవరూ తలెత్తలేదు. తన దమ్ము చెదరకూడదని కాబోలు అనుకున్నాడు. ఆ అభిమానానికి కళ్లు చెమర్చాయి.

కాటా మీద పెట్టె దించేసరికి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"ఇరవై ఏడు! ముసలాడు మోశాడని రాయవయ్యా!" అన్నాడు రొప్పుతూ.

వాచ్‌మన్ ఇరవై ఏళ్లుగా ఆయనతో కలిసి టీ తాగుతున్నవాడు. రోజూ ఏదో ఒక వేళాకోళం ఆడేవాడు, ఇవాళ పుస్తకంలోంచి కళ్లు తీయలేదు.

"పెట్టె విప్పాలన్నా. బయటికి పోయేది ఏదైనా చూసే పంపాలిగా."

"బయటికెక్కడికి పోతుందయ్యా? మళ్లీ లోపలికేగా!" బాబాయ్ నవ్వాడు.

వాచ్‌మన్ బ్లేడుతో టేపు కోసి, అట్టలు పక్కకి తీశాడు.

పానాల మీద పిడి విరిగిన కప్పు ఉంది.