నాలుగో బల్ల

మూడో బల్ల కూడా పనికిరాలేదు.

వెంకటలక్ష్మి దాన్ని ట్రాలీ ఆటోలో వేయించుకుని, పటాన్‌చెరులో సంగప్ప వెల్డింగ్ షెడ్డుకు తిరిగి తెచ్చింది. సంగప్ప చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"మల్లనా? ఇప్పుడేమైందమ్మా?"

"నడుం పట్టేస్తోందంటున్నారు."

మొదటిది చెక్కది. గట్టిగా ఉందన్నారు. రెండోది ఇనపది. ఎత్తుగా ఉందన్నారు. మూడోదానికి తలవైపు పైకి లేచే ఏర్పాటు కూడా పెట్టించింది.

ఆమెది ఆడవాళ్ల ముఖం మీది వెంట్రుకలు తీసే పని. సన్నటి సూది కుదుట్లోకి దించి, కొద్దిగా కరెంటు పంపి, ఒక్కొక్కటే తీయాలి. మనిషి గంటసేపు కదలకూడదు. కదిలితే నల్లమచ్చ. వచ్చేవాళ్లంతా పెళ్లి కుదిరిన పిల్లలు. బల్ల సుఖంగా ఉంటేనే పని అని, హైదరాబాదులో నేర్పినావిడ మొదటిరోజే చెప్పింది.

రోడ్డు మీద బోర్డు చూసి తల్లులు వస్తారు. బల్ల మీద చెయ్యి వేసి చూస్తారు. "నడుం గుంజుతదట, మల్లొస్తం" అని పిల్లను లేపుకుపోతారు. మళ్లీ రారు.

దసరాలోగా నలుగురైనా నిలవకపోతే గది ఖాళీ చేసి తెనాలిలో అన్న ఇంటికి పోవాలి. వదిన అప్పుడే పనిమనిషిని మాన్పించిందని ఉత్తరం వచ్చింది.

సంగప్ప బల్ల ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు.

"నాకైతే నిద్రొస్తున్నది. మా ఇంటామెను పిలువన్నా? ఆమెకు నేను చేసింది ఏదీ నచ్చదు. గామె పండుకున్నదంటే ఇగ దునియల ఎవరైనా పండుకుంటరు."

"నవ్వులాట కాదు సంగప్పా. ఇదే ఆఖరు. నాలుగంగుళాల ఫోము వెయ్యి. మోకాళ్ల కిందికి దిండు కుట్టించు."

"ఏస్తగని..." సంగప్ప ఆమె ముఖంలోకి చూసి, చూపు తిప్పుకున్నాడు. "తప్పు బల్లది గాదమ్మా."

"మరి దేనిది?"

అతను బల్ల కొలవడానికి టేపు తీశాడు.

నాలుగో బల్ల వచ్చింది. వెంకటలక్ష్మి దాని మీద తనే గంటసేపు కదలకుండా పడుకుని చూసుకుంది. ఎక్కడా నొప్పి లేదు.

ఆదివారం వెలిమెల నుంచి నర్సింహమ్మ కూతుర్ని తీసుకొచ్చింది. పదిహేను రోజుల్లో పెళ్లి. గడ్డం కింద పది పన్నెండు వెంట్రుకలు. పిల్ల తనే బల్ల ఎక్కి పడుకుంది.

"మస్తు సుకంగున్నదే అమ్మా."

నర్సింహమ్మ బల్లను చూడలేదు. సూదినీ చూడలేదు. వెంకటలక్ష్మిని చూసింది.

"దిగు. బల్ల మంచిగ లేదు."

"ఒక్క పది నిమిషాలు ఉండనివ్వండి పిన్నిగారూ. మీకు దణ్ణం పెడతాను." వెంకటలక్ష్మి చేతులు జోడించింది.

"మల్లొస్తంలే బిడ్డా."

మెట్ల మీంచి మాటలు వినబడ్డాయి.

"గంత మెత్తగుంటే మంచిగ లేదంటవేందే?"

"నోర్ముయ్యి. లగ్గం పెట్టుకొని ఆ చెయ్యి నీ మొఖానికి తగలనిస్తనా?"

వెంకటలక్ష్మి తన చేతుల్ని చాలాసేపు చూసుకుంది. రెండుసార్లు సబ్బుతో కడిగిన చేతులు. వణకని చేతులు.

మర్నాడు ఆమె, భర్త పోయిన ఏడాదిన్నర తర్వాత మొదటిసారి, నుదుట బొట్టు పెట్టుకుని గది తలుపు తీసింది.