తూర్పు మూల

"కాంక్రీటు పొయ్యనివ్వను," అంది ఇంజినీరు పద్మకుమారి.

పునాది గోతిలోకి దిగి, కట్టిన ఇనుప చువ్వల మధ్య నిలబడింది. గట్టు మీద లారీ డ్రమ్ము తిరుగుతూనే ఉంది. హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడు, అరసవల్లి దారిలో మొదలైన పది అంతస్తుల అపార్టుమెంటు అది.

బిల్డరు నరసింగరావు గట్టంచుకి వచ్చాడు. "ఏటి మేడం ఇది? మట్టి పరీక్ష రిపోర్టు ఉన్నాది. మామూలు పునాది సాలునని అందులో రాసున్నాది."

"ఆ రిపోర్టు తప్పు."

దాని కోసం వేసినవి మూడు బోర్లు. మూడూ పడమటి వైపే. అక్కడ నాలుగు మీటర్లకే రాయి తగిలింది. తూర్పున నీళ్ళు నిలిచి యంత్రం దిగకపోతే, అటూ ఇంతేలే అని రాసేశారు.

మొన్న తూర్పు మూల తవ్వుతున్న నారాయణమ్మ నల్లటి బురద ఎత్తి చూపించింది. "ఇది పాత గెడ్డమ్మా. నా సిన్నప్పుడు నడుం లోతు నీరు పారీది. కప్పీసినారు."

పద్మకుమారి పట్టుబట్టి అక్కడ బోరు వేయించింది. పద్నాలుగు మీటర్లు దిగినా బంకమట్టే. సగం భవనం రాయి మీద, సగం బురద మీద. కుంగితే ఒక పక్కకే కుంగుతుంది. అటువైపు రాయి తగిలేదాకా పైల్ స్తంభాలు దించాల్సిందే.

నరసింగరావు గొంతు తగ్గించాడు. "రిపోర్టు తప్పని బయటపడితే, రాసినోళ్ళకి ఈ జిల్లాలో మరి పని దొరకదు. ఆలోసించుకోండి."

"ఆలోచించే దిగాను. లారీ వెనక్కి పంపండి."

లారీ కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు. డ్రమ్ములో కాంక్రీటు గట్టిపడిపోతుందని చివరికి డ్రైవరే బండి తిప్పుకుపోయాడు.

ఆ మధ్యాహ్నమే ఆమె మున్సిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చింది. అధికారి గిరిబాబు రెండుసార్లు చదివి, పని ఆపమని నోటీసు రాశాడు. తర్వాత కళ్ళద్దాలు తీశాడు.

"రిపోర్టు రాసిన ఇంజినీరు లైసెన్సు కూడా రద్దు సెయ్యమన్నారు. ఒక్క తప్పుకి అంత కక్ష ఏటమ్మా?"

"నలభై కుటుంబాలు పిల్లల్తో పడుకునే ఇళ్ళు సార్. రద్దు చెయ్యండి."

"సరే. ఎవరా ఇంజినీరు?"

పద్మకుమారి రిపోర్టు ఆఖరి పేజీ తిప్పి, సంతకం కింద ఉన్న తన పేరు మీద వేలు పెట్టింది.