ఒక్క పేరు పట్టే గడి

బాప్తిస్మం రిజిస్టరులో పేరు గడి ఒక్కటే ఉంది. బాప్తిస్మం కోసం వచ్చిన టైలరమ్మలో మాత్రం, మనసు డాక్టరు లెక్క ప్రకారం, ముగ్గురు మనుషులున్నారు.

“ఆత్మ ఒక్కటేనమ్మా. మిగతా ఇద్దర్నీ వెళ్లగొడతాను,” అన్నాడు పాస్టరు, అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించినంత తేలిగ్గా.

“తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కరేనని ప్రతి ఆదివారం చెప్పేది మీరే కదండీ,” అంది పక్కనున్న ఆమె అక్క.

“అది దేవుడి సంగతి,” అని పాస్టరు దగ్గాడు.

టైలరమ్మ గొంతు ఉన్నట్టుండి ఆరేళ్ల పిల్ల గొంతయింది.

“నన్ను వెళ్లగొట్టకండి. నాన్న కొట్టేటప్పుడు ఈమె ఉండేది కాదు. ఈమె బదులు దెబ్బలన్నీ నేనే తిన్నాను.”

పాస్టరు గోడమీది సిలువవైపు చూశాడు. ఒకరి బదులు దెబ్బలు తిన్నవాడి గురించి ముప్పయ్యేళ్లుగా గొంతు చించుకుంటున్న మనిషాయన.

“నీ పేరేంటి తల్లీ?” అని కలం తీశాడు.