విల్మా ఆలుగడ్డలు

ఆదివారం మధ్యాహ్నం పన్నెండూ పదికి, అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒక పల్లె చర్చి వంటగదిలో, లొరైన్ గిన్నెడు ఆలుగడ్డల కూరను బకెట్‌లోకి ఊడ్చి పోసింది. హాల్లో జనం ఇంకా వరుస కట్టలేదు.

గిన్నె విల్మాది. పుట్టినప్పటి నుంచీ ఆమె చేతులు వణుకుతాయి. చర్చిలో నెలకోసారి జరిగే విందుకు ఇంటికొక వంటకం తేవాలి. తొమ్మిదేళ్లుగా ఆమె గిన్నె ఖాళీ అయి, కడిగి చేతికొస్తోంది. ఇవాళ గిన్నెతో పాటు గరిటె ఇవ్వడం మరిచిపోయానని విల్మా చేతికర్ర ఊతంతో వంటగది గుమ్మం దాకా వచ్చింది.

"అదేంటి లొరైన్, ఇంకా ఎవరూ తినందే?"

లొరైన్ ఉలిక్కిపడింది. "అడుగంటిందిలే విల్మా."

"అంటలేదు. రుచి చూసే తెచ్చాను."

వెనక తలుపులోంచి లొరైన్ మొగుడు ఆర్లో తల పెట్టాడు. విల్మా అతనికి కనపడలేదు.

"ఏమే, బకెట్ నిండిందా? విల్మా ఆలుగడ్డలు మరిగి నా పందులు దాణా ముట్టడం లేదు!"

"నోర్ముయ్యవయ్యా!" లొరైన్ విల్మా వైపు తిరిగింది. "నీ చేతులు అలా ఉంటాయి కదమ్మా. వండేప్పుడు అందులో ఏం పడుతుందోనని అందరికీ అనుమానం. నీ మనసు నొప్పించకూడదనే..."

"పోయిన నెల నీ మనవడు మారు వడ్డించుకున్నాడన్నావు."

లొరైన్ బకెట్‌ను కాలితో బల్ల కిందికి నెట్టింది.

విల్మా హాల్లోకి వెళ్లింది. వచ్చే నెల వంటల జాబితా గోడకు అంటించి ఉంది. తన పేరు రాసి, వంటకం గడిలో ఆలుగడ్డలు అని రాసింది. ఎంతమందికి అన్న గడిలో ‘ఆర్లో పందులన్నిటికీ’ అని రాసి, పెన్ను వెనక నిలబడ్డ పాస్టరు చేతికిచ్చింది.